గీతలు కలిసే చోటుకి ముందూ, తర్వాతా

పిల్లలు ఎనిమిదో తరగతికి వచ్చేసరికి మన ఇళ్ళలో లెక్కల హోంవర్క్ దగ్గర ఒక చిన్న తగువు మొదలవుతుంది. నేను మాట్లాడిన తల్లులందరి ఇళ్ళలోనూ అది ఒకే చోట మొదలైంది: రెండు సమీకరణాలు, తెలియని రాశులు రెండు. మనం చదువుకునే రోజుల్లో ఇవి ఎంత ముద్దొచ్చే లెక్కలో గుర్తుందా? పైదాన్ని మూడుతో గుణించు, కిందదాన్ని రెండుతో గుణించు, తీసెయ్. ఒకటి ఎగిరిపోతుంది, రెండోది తేలుతుంది. నాలుగు వరసల్లో జవాబు, మార్కులన్నీ మన ఖాతాలో.

ఇక్కడి పిల్లలేమో స్కేలు, పెన్సిలు పట్టుకుని గీతలు గీస్తూ కూర్చుంటారు. మనం పక్కన కూర్చుని రెండు నిమిషాల్లో చేసి చూపిస్తే, "అలా కాదమ్మా, గ్రాఫ్ గీసి చూపించమన్నారు" అంటారు. జవాబు వచ్చేశాక ఇంకా బొమ్మెందుకని మనకి విసుగు. అమ్మకి పాత పద్ధతే తెలుసని వాళ్ళకి విసుగు. ఇంకో ఏడాది పోతే మన దగ్గరకి లెక్క తేవడమే మానేస్తారు. ఆ తలుపు మూసుకుపోకూడదనే నేనీ వ్యాసం రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఈ గ్రాఫ్ మా అమ్మాయికి ఎంత పనికొచ్చిందో తెలియదు గానీ, నేను ఉద్యోగంలో చేరాలా వద్దా అని తేల్చుకోవలసి వచ్చినప్పుడు నాకు మాత్రం బాగా పనికొచ్చింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఏ దేశంలో ఉన్నా ఈ పాఠం తప్పదు. అమెరికాలో కామన్ కోర్ పాటించే రాష్ట్రాల్లో ఎనిమిదో తరగతి లెక్కల్లోనే ఇది ఉంది, ఆల్జీబ్రా వన్‌లో మళ్ళీ వస్తుంది. టెక్సాస్ కామన్ కోర్‌ని తీసుకోలేదు, అయినా రెండు గీతలు కలిసే చోటుని గ్రాఫ్ మీద గుర్తించడం అక్కడి ఎనిమిదో తరగతిలోనూ ఉంది. బ్రిటన్‌లో జీసీఎస్ఈ రాసే పిల్లలకి ఉంది. గల్ఫ్‌లో సీబీఎస్ఈ బడుల్లో చదివేవాళ్ళకి పదో తరగతి లెక్కల పుస్తకంలో మూడో అధ్యాయం ఇదే. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి "రేఖీయ సమీకరణాల జత" అంటే చటుక్కున గుర్తొస్తుంది.

మనం నేర్చుకున్న పద్ధతిని చిన్నచూపు చూడక్కర్లేదు. దానికి చాలా పెద్ద వయసుంది. చైనాలో "తొమ్మిది అధ్యాయాలు" అనే ప్రాచీన గణిత గ్రంథంలో ఎనిమిదో అధ్యాయమంతా ఇలాంటి లెక్కలే. చిన్న చిన్న పుల్లలు వరసల్లో పేర్చి, ఒక వరసలోంచి ఇంకో వరస తీసేస్తూ చేసేవారు. క్రీ.శ. 263లో ల్యూ హ్వీ దానికి వ్యాఖ్యానం రాశాడంటే మూలం అంతకన్నా పాతది. మన వైపు చూస్తే, తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో "గణితసార సంగ్రహం" రాశాడు. దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. పావులూరి గణితం అని మన పెద్దవాళ్ళు అనేది దాన్నే.

మహావీరుడి పుస్తకంలో నాకు బాగా నచ్చిన లెక్క ఒకటుంది. తొమ్మిది మాదీఫలాలు, ఏడు వెలగపండ్లు కలిపి కొంటే 107 అయింది. ఏడు మాదీఫలాలు, తొమ్మిది వెలగపండ్లు కొంటే 101 అయింది. ఒక్కొక్కటి ఎంత? వినాయక చవితికి వెలగపండు కోసం ఇండియన్ స్టోర్లన్నీ తిరిగే మనకి ఈ లెక్క దగ్గరగానే ఉంటుంది.

దీన్ని గుణకారాలతో కుస్తీ పట్టకుండా చెయ్యొచ్చు. రెండు కొనుగోళ్ళూ కలిపెయ్యండి. పదహారు మాదీఫలాలు, పదహారు వెలగపండ్లు, మొత్తం 208. అంటే ఒక మాదీఫలం, ఒక వెలగపండు కలిపి 13. ఇప్పుడు మొదటిదాంట్లోంచి రెండోది తీసెయ్యండి. రెండు మాదీఫలాల ధర, రెండు వెలగపండ్ల ధర కంటే 6 ఎక్కువ. అంటే ఒకదానికీ ఒకదానికీ తేడా 3. కలిపితే 13, తేడా 3. మాదీఫలం 8, వెలగపండు 5. మా అమ్మాయికి ఇది చూపించినప్పుడు, "ఇది చాలా కూల్‌గా ఉందమ్మా" అని వాళ్ళ స్నేహితురాలికి ఫోన్ చేసి చెప్పింది. అమ్మ పద్ధతికి అంత గౌరవం దక్కడం ఆ ఏడాదిలో అదే మొదటిసారి.

ఆ తర్వాత తనే అడిగింది. "మరి ఒక్క బిల్లే ఉంటే ఎంతని చెప్పగలం?"

అక్కడే గ్రాఫ్ అవసరం మొదలవుతుంది. మొదటి బిల్లు ఒక్కటే మన చేతిలో ఉందనుకోండి. మాదీఫలం 8, వెలగపండు 5 అయితే సరిపోతుంది. కానీ మాదీఫలం 1, వెలగపండు 14 అయినా మొత్తం 107 వస్తుంది. తొమ్మిదొకట్ల తొమ్మిది, ఏడు పద్నాలుగులు తొంభై ఎనిమిది, కలిపితే 107. పైసలు కూడా లెక్కేస్తే ఇలాంటి జతలకి అంతు లేదు. మాదీఫలం ధర అడ్డంగా, వెలగపండు ధర నిలువుగా పెట్టి ఈ జతలన్నిటికీ చుక్కలు పెడితే అవన్నీ ఒకే తిన్నని గీత మీద పడతాయి. ఒకదాని ధర పెరిగితే రెండోదాని ధర తగ్గాలి కాబట్టి ఆ గీత ఎడమ నుంచి కుడికి కిందికి దిగుతుంది. రెండో బిల్లుకి కూడా అలాగే ఇంకో గీత వస్తుంది.

గీత అంటే ఇదే. ఒక షరతుకి ఒప్పుకునే జతలన్నీ వరసలో నిలబడితే అది గీత. రెండు షరతులకీ ఒప్పుకునే జత ఏదైనా ఉంటే అది రెండు గీతల మీదా ఉండాలి. రెండు వేరు వేరు తిన్నని గీతలు కలిస్తే ఒక్క చోటే కలుస్తాయి. ఆ చుక్క 8, 5. మనం తీసివేతలు చేసి పట్టుకున్నది ఆ చుక్కనే. మిగతా గీత అంతా కూడా అర్థం ఉన్నదే అన్న సంగతి ఆ తీసివేతలో కనబడదు.

సమీకరణానికీ గీతకీ ఇలా ముడి వెయ్యొచ్చని లోకానికి గట్టిగా చూపించింది పదిహేడో శతాబ్దపు ఫ్రెంచివాళ్ళు. రెనె డెకార్ట్ రేఖాగణితం పుస్తకం 1637లో వచ్చింది. అదే కాలంలో పియర్ ఫెర్మా కూడా అదే దారిలో ఆలోచించాడు. అంటే చైనా పుల్లల పద్ధతికీ గ్రాఫ్‌కీ మధ్య పదమూడు వందల ఏళ్ళకు పైనే తేడా ఉంది. పిల్లలకి మాత్రం రెండూ ఒకే నెలలో నేర్పేస్తారు, పాపం.

ఇప్పుడు మనందరికీ పరిచయమైన లెక్క ఒకటి చూద్దాం. అమ్మాయిని కూచిపూడిలో చేర్పించాలి. ఒక టీచరుగారు రిజిస్ట్రేషన్ కింద 120 డాలర్లు తీసుకుని, క్లాసుకి 20 చొప్పున తీసుకుంటారు. ఇంకొకరికి రిజిస్ట్రేషన్ లేదు, క్లాసుకి 30. ఎవరి దగ్గర చేర్పించాలి? బడిలో అడిగే ప్రశ్న "ఎన్ని క్లాసులకి ఇద్దరి దగ్గరా ఖర్చు సమానం?" అని. క్లాసుకి పది డాలర్ల తేడాతో 120 డాలర్లు కూడాలంటే పన్నెండు క్లాసులు. పన్నెండో క్లాసుకి ఇద్దరి దగ్గరా 360. జవాబు 12. మార్కులు వచ్చేశాయి.

కానీ అమ్మకి కావలసింది పన్నెండు కాదు కదా! సరిగ్గా పన్నెండు క్లాసులు చేయించి మానిపించే తల్లి ఎక్కడా ఉండదు. గ్రాఫ్ గీస్తే అసలు సంగతి తెలుస్తుంది. క్లాసుల సంఖ్య అడ్డంగా, ఖర్చు నిలువుగా పెట్టండి. మొదటి టీచరుగారి గీత 120 దగ్గర మొదలై నెమ్మదిగా ఎక్కుతుంది. రెండోవారిది సున్నా దగ్గర మొదలై నిటారుగా ఎక్కుతుంది. పన్నెండుకి ఎడమవైపు రెండోవారు చవక. నాలుగు క్లాసులకి ఒకచోట 200 అయితే ఇంకోచోట 120. పన్నెండుకి కుడివైపు మొదటివారు చవక. ఇరవై క్లాసులకి 520, 600. కాబట్టి మనం వేసుకోవలసిన ప్రశ్న, మా పిల్ల పన్నెండు క్లాసులు దాటి నిలబడుతుందా అని. దానికి జవాబు ఏ సమీకరణంలోనూ లేదు, పిల్లని ఎరిగిన తల్లికి తెలుసు. ఏ ప్రశ్నకి జవాబు వెతుక్కోవాలో మాత్రం గ్రాఫ్ చూపిస్తుంది.

ఈ లెక్కలోనే స్లోప్, ఇంటర్‌సెప్ట్ అనే రెండు మాటలూ ఉన్నాయి. పిల్లలు ఫార్ములా బట్టీ పట్టి "రైజ్ ఓవర్ రన్" అని అప్పజెపుతారు, అదేమిటంటే తడబడతారు. తెలుగులో స్లోప్‌ని "వాలు" అంటాం. పెంకుటింటి కప్పుకి వాలు ఉంటుంది, వాన నీళ్ళు జారడానికి. మా అమ్మాయికి పెంకుటిల్లు ఫోటోలోనే తెలుసు కాబట్టి లైబ్రరీ ముందున్న వీల్‌చెయిర్ రాంప్ చూపించాను. అమెరికా నిబంధనల ప్రకారం అలాంటి రాంపు ఒక అంగుళం ఎత్తు ఎక్కాలంటే కనీసం పన్నెండు అంగుళాల పొడవు ఉండాలి. దాని వాలు పన్నెండో వంతు. కూచిపూడి లెక్కలో వాలు అంటే ఇంకో క్లాసు పెరిగితే ఎంత ఖర్చు పెరుగుతుందో అది, అంటే 20, 30. ఇంటర్‌సెప్ట్ అంటే ఒక్క క్లాసుకీ వెళ్ళకముందే కట్టిన డబ్బు, అంటే 120, సున్నా. "మొదట ఎంత, ఆ తర్వాత ఒక్కొక్కదానికీ ఎంత" అని రెండు ప్రశ్నలు అడిగితే చాలు, ఏ కథ లెక్కయినా గీతగా మారిపోతుంది. అత్తెసరు ఇంగ్లీషుతో లెక్కలు చెప్పడానికి మొహమాటపడే అమ్మలకి నేను చెప్పేది ఇదే. "వాలు" అన్న మాట మనకి తెలుసు. ఆ మాట తెలిసినవాళ్ళకి పాఠం సగం వచ్చినట్టే.

పిల్లలు గట్టిగా తడబడే చోటు ఇంకోటి ఉంది. చేసుకుంటూ పోతే అక్షరాలన్నీ మాయమైపోయి "సున్నా సమానం సున్నా" అని వస్తుంది. లేదా "సున్నా సమానం నాలుగు" అని వస్తుంది. ఎక్కడో తప్పు చేశామనుకుని మొత్తం చెరిపేసి మళ్ళీ మొదలుపెడతారు. ఆ చెరుపుడు ఆపడానికి హోటల్ బిల్లులు బాగా పనికొస్తాయి.

శనివారం రెండు దోసెలు, ఒక కాఫీ తీసుకుంటే 23 డాలర్లయింది. ఆదివారం నలుగురం వెళ్ళి నాలుగు దోసెలు, రెండు కాఫీలు తీసుకుంటే 46 అయింది. దోసె ఎంత, కాఫీ ఎంత? చెప్పలేం. ఆదివారం బిల్లు శనివారం బిల్లుకి రెట్టింపు, అంతే. అది మనకి కొత్తగా ఏమీ చెప్పలేదు. దోసె 9, కాఫీ 5 కావచ్చు. దోసె 10, కాఫీ 3 కూడా కావచ్చు. గ్రాఫ్ మీద గీస్తే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడి ఒకటే గీత కనబడుతుంది. "సున్నా సమానం సున్నా" అంటే అదే. కాగితాలు రెండున్నా, చెప్పిన సంగతి ఒకటే.

ఇప్పుడు ఆదివారం బిల్లు 50 వచ్చిందనుకోండి. శనివారం ధరల ప్రకారం 46 రావాలి. ఏ ధరలు పెట్టినా రెండు బిల్లులూ ఒకేసారి నిజం కాలేవు. గ్రాఫ్ మీద రెండు గీతలకీ ఒకే వాలు, కానీ పక్కపక్కనే పోతాయి, ఎప్పటికీ కలవవు. "సున్నా సమానం నాలుగు" అంటే, ఈ రెండు షరతులూ ఒకచోట ఇమడవని లెక్కే మనకి చెబుతోందన్నమాట. హోటల్లో అయితే ఆదివారం ధర మారిందనో, ఇంకేదో ఛార్జీ కలిపారనో అర్థం. జవాబు లేదు అన్నది కూడా ఒక జవాబే. దాన్ని చెరిపెయ్యకూడదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ రోజుల్లో పిల్లలు కాగితం మీద కంటే డెస్మోస్‌లో ఎక్కువ గీస్తున్నారు. అమెరికాలో 2024 నుంచి ఎస్ఏటీ కంప్యూటర్ మీదే జరుగుతోంది, అందులోనే డెస్మోస్ కాలిక్యులేటర్ ఉంటుంది. సమీకరణాలు కొట్టగానే గీతలు వచ్చేస్తాయి, కలిసే చోటు మీద నొక్కితే అంకెలు కూడా చెబుతుంది. మంచిదే. కానీ తెర మీద కనబడేది చిన్న ముక్కే. ఒక గీత 1 దగ్గర మొదలై ప్రతి అడుగుకీ 2 ఎక్కుతోంది. ఇంకోటి సున్నాకి 9 కింద మొదలై ప్రతి అడుగుకీ 2.1 ఎక్కుతోంది. తెర మీద చూస్తే పక్కపక్కనే పోతున్న సమాంతర రేఖల్లాగే ఉంటాయి. కానీ వాలులో పదో వంతు తేడా ఉంది. వెనకబడిన 10 పూడ్చుకోవాలంటే నూరు అడుగులు పడుతుంది. అక్కడ రెండూ 201 దగ్గర కలుస్తాయి. అంచేత కలుస్తాయా లేదా అన్నది కళ్ళతో తేల్చకుండా వాలు చూసి తేల్చుకోమని చెప్పండి. వాలులో ఏ కాస్త తేడా ఉన్నా ఎక్కడో ఒక చోట కలిసి తీరతాయి.

ఇప్పుడు నా సంగతి.

మా బాబుకి రెండేళ్ళప్పుడు నాకు ఒక ఉద్యోగం వచ్చింది. పన్నులు పోగా నెలకి 2,800 డాలర్లు చేతికొస్తాయి. బాబు డేకేర్ 1,800, అమ్మాయికి బడి తర్వాత ఉండే చోటు 500, నా కారు, పెట్రోలు, మిగతావి 800. మొత్తం 3,100. ఇవి లెక్క సులువుగా ఉండేలా కాస్త గుండ్రం చేసిన అంకెలు. చూడగానే అర్థమయ్యేది ఏమిటంటే, నెలకి మూడువందలు నష్టం. మా అత్తగారు ఫోన్లో, "జీతమంతా ఆ డేకేర్ వాళ్ళకే పోస్తే ఇంక నీకు మిగిలేది అలుపే కదమ్మా" అన్నారు. ఆవిడ ప్రేమగానే అన్నారు. మా అమ్మ కూడా అదే అంది. మావారు, "నీ ఇష్టం, నేను వద్దనను. కానీ ప్రతి నెలా మూడొందలు చేతినుంచి పడుతుంది, అది మాత్రం గుర్తుపెట్టుకో" అన్నారు. మీలో చాలామంది ఈ మాటలు ఏదో ఒక రూపంలో విని ఉంటారు.

అంకెలు అబద్ధం కాదు. కానీ అవి ఒక్క రోజు అంకెలు, గ్రాఫ్ మీద సున్నా దగ్గర ఉన్న రెండు చుక్కలు మాత్రమే. అమ్మాయి గ్రాఫ్ కాగితాల కట్టలోంచి ఒకటి తీసుకుని, ఏళ్ళు అడ్డంగా, నెలకి డాలర్లు నిలువుగా పెట్టాను. జీతం ఏడాదికి నెలకో 200 చొప్పున పెరుగుతుందని అనుకున్నాం. డేకేర్‌లో ఫీజులు పెంచుతారు గానీ, బాబు పెద్ద పిల్లల గదిలోకి మారితే ఫీజు కొంత తగ్గుతుంది. అందుకని ఖర్చు ఏడాదికి 50 చొప్పున పెరుగుతుందని వేశాం. ఒక గీత 2,800 దగ్గర మొదలై 200 చొప్పున, ఇంకోటి 3,100 దగ్గర మొదలై 50 చొప్పున ఎక్కుతాయి. మూడువందల తేడా ఏడాదికి నూటయాభై చొప్పున తరిగితే రెండేళ్ళకి గీతలు కలుస్తాయి, 3,200 దగ్గర.

అమ్మాయి చూసి, "జీతం రోజూ పెరగదు కదా, ఇది లైన్ కాదు, మెట్లు" అంది. నిజమే. మెట్లుగా వేసి చూశాం. మొదటి ఏడాది నెలకి 300 చొప్పున 3,600. రెండో ఏడాది నెలకి 150 చొప్పున 1,800. మొత్తం 5,400 డాలర్లు. మూడో ఏడాది సరికి సరి. నాలుగో ఏడాదికి బాబు కిండర్‌గార్టెన్‌కి వెళతాడు, డేకేర్ గీత ఒక్కసారిగా కిందకి పడుతుంది. "నెలకి మూడొందలు నష్టం" అన్నప్పుడు అది ఎప్పటికీ సాగే నష్టంలా వినిపించింది. గ్రాఫ్ మీద చూస్తే దానికి ఒక మొదలు, ఒక చివర, ఒక మొత్తం ఉన్నాయి. 5,400 మా ఇంటికి చిన్న మొత్తం కాదు. కానీ ఆ మొత్తం గురించి ఇద్దరం కూర్చుని మాట్లాడుకోగలిగాం.

జీతం ఏడాదికి 50 మాత్రమే పెరిగే ఉద్యోగమైతే? రెండు వాలులూ ఒకటే అవుతాయి, గీతలు ఎన్నటికీ కలవవు. బాబు బడికి వెళ్ళేదాకా నెలకి మూడువందలు అలాగే పోతుంది. అప్పుడు నిర్ణయం వేరేగా ఉండి ఉండేదేమో. అందుకే జీతం ఎంత అని అడిగినంత శ్రద్ధగా, ఏడాదికి ఎంత పెరుగుతుందని కూడా అడగాలంటాను.

కాగితం మీద కనబడని లెక్కలు కూడా కొన్ని ఉన్నాయి. అమెరికాలో తన సంపాదన మీద సోషల్ సెక్యూరిటీ పింఛను రావాలంటే 40 క్రెడిట్లు కావాలి. ఏడాదికి నాలుగుకి మించి రావు. అంటే కనీసం పదేళ్ళ పని. ఇంట్లో ఉన్న ఏడాదికి ఆ నాలుగూ సున్నా. నెలవారీ డాలర్ల గ్రాఫ్‌లో దానికి చోటు లేదు. అందుకని పక్కన మార్జిన్‌లో రాసుకున్నాను.

చివరగా అమ్మాయిని ఇంకో గ్రాఫ్ గియ్యమన్నాను. పిల్లల ఖర్చు 2,300లో సగం నాన్న జీతం మీద, సగం నా జీతం మీద వెయ్యమన్నాను. నా ఖర్చు గీత 1,950 దగ్గర మొదలైంది. జీతం గీత మొదటి రోజు నుంచే దానికి పైన ఉంది. రెండూ కలిసే చోటు సున్నాకి ఎడమవైపు ఎక్కడికో పోయింది, అంటే మాకు అక్కర్లేని చోటికి. అమ్మాయి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, "తమ్ముడు నాన్నకి కూడా కొడుకే కదా, మరి అందరూ మొత్తం నీ లైన్ మీదే ఎందుకు వేశారు?" అంది. మావారు పక్కనే ఉన్నారు. కాసేపు ఎవరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆయనే కాగితం అందుకుని చూశారు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఎలా పంచి గీసినా మా ఇంటి బ్యాంకు ఖాతాలోంచి పోయేది అదే మూడువందలు. రెండో గ్రాఫ్ ఒక్క డాలరు కూడా మిగల్చలేదు. మారింది ప్రశ్న. "ఆమె ఉద్యోగం దండగా?" అన్నది పోయి, "మన ఇల్లు రెండేళ్ళపాటు ఈ ఖర్చు మొయ్యగలదా?" అన్నది వచ్చింది. దానికి ఇద్దరం కలిసి జవాబు చెప్పుకున్నాం. సమీకరణం సాధించడం మనకి బాగానే నేర్పారు. ఎవరి ఖర్చు ఏ వైపు రాయాలన్నది మాత్రం రాసేవాళ్ళ చేతిలో ఉంటుంది. సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది. మన ఆడపిల్లలకి పద్ధతులతో పాటు ఈ సంగతి కూడా చెప్పాలి.

ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయింది. మొదటి గ్రాఫ్ ఫ్రిజ్ తలుపు మీద ఉంది. మూడు నెలలకోసారి అసలు అంకెలతో చుక్కలు పెడుతున్నాం. ఖర్చు ఏడాదికి 50 అనుకున్నది 80 చొప్పున పెరిగింది. దాంతో కలిసే చోటు రెండేళ్ళ దగ్గర్నుంచి రెండున్నరకి జరిగింది. కొత్త గీతని అమ్మాయి ఎర్ర పెన్సిల్‌తో గీసింది. మొన్న మా అత్తగారు వచ్చినప్పుడు కాఫీ తాగుతూ దాని ముందు నిలబడి, "ఇప్పుడు మనం ఎక్కడున్నామే?" అని మనవరాల్ని అడిగారు. అది వేలు పెట్టి చూపించింది. నీలం గీతకీ ఎర్ర గీతకీ మధ్య ఇంకా కొంచెం ఖాళీ ఉంది.